దుబాయి నుంచి ఇంటికి: మాట నడిచిన దారులు

యూఏఈలో పోస్ట్‌మ్యాన్ ఇంటి తలుపు తట్టడు. ఉత్తరం ఎవరికి వచ్చినా పోస్టాఫీసులోని ఒక పెట్టెలో పడుతుంది. ఆ పెట్టె నంబరే చిరునామా. 1970లలో, 80లలో కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి బతుకుదెరువుకు పోయిన కూలీలకు సొంతంగా పెట్టె అద్దెకు తీసుకునే స్తోమత ఎక్కడిది? పనిచేసే కంపెనీ పెట్టె నంబరే వాళ్ల చిరునామా అయింది. ఊళ్లో భార్య ఎవరితోనో రాయించిన ఉత్తరం విమానమెక్కి వచ్చి కంపెనీ పెట్టెలో పడేది. అక్కడి నుంచి గుమాస్తా చేతికి, గుమాస్తా నుంచి క్యాంప్ బాస్ చేతికి, ఆయన దగ్గర నుంచి గదిలో ఉన్న మనిషికి అందేది. చదువు రానివాడైతే ఇంకో మెట్టు ఎక్కాలి. గదిలో చదవగలిగినవాడిని బతిమాలి చదివించుకోవాలి. బిడ్డకు జ్వరమన్న కబురు, అప్పులవాడు వాకిట్లో కూర్చున్నాడన్న కబురు, ఆలుమగల మధ్యే ఉండాల్సిన మాట, అన్నీ ఇంతమంది చేతుల మీదుగానే వచ్చేవి.

గల్ఫ్ వలస అనగానే వీసాలు, ఏజెంట్లు, అప్పులు, పంపిన డబ్బు గుర్తొస్తాయి. మాట ఇంటికి ఎలా చేరిందన్నది కూడా అంతే పెద్ద చరిత్ర. ఈ యాభై ఏళ్లలో ఉత్తరం పోయి క్యాసెట్ వచ్చింది, క్యాసెట్ పోయి ఫోను, ఫోను వెంట వాట్సాప్, ఐమో, బోటిమ్ వచ్చాయి. ప్రతి సాధనాన్నీ ఎక్కడో ఎవరో తమ లెక్కలతో తయారు చేశారు. దుబాయిలోని సోనాపూర్ కార్మికుల క్యాంపులో పై మంచం మీద పడుకునే మనిషి ఆ లెక్కల్లో లేడు. చేతికందినదాన్ని తన అవసరానికి అతనే వంచుకున్నాడు. ఆన్‌లైన్‌లో మనుషులను కలిపే వ్యవస్థ ఎవరికి ఎంత మేలు చేస్తుందో తేల్చాలంటే రెండు ప్రశ్నలు అడిగితే చాలు: ఇద్దరి మధ్య ఎవరు నిలబడ్డారు, నిలబడినందుకు ఏం తీసుకున్నారు. దుబాయి చరిత్ర ఈ రెండు ప్రశ్నలకూ తేటగా జవాబు చెబుతుంది.

దుబాయిలో మొట్టమొదటి పోస్టాఫీసు తెరిచింది భారత తపాలా శాఖే. అది 1909 ఆగస్టు 19. అప్పటికి ఆ ఊరు ముత్యాల వ్యాపారంతో బతుకుతున్న రేవు. కరాచీ, బొంబాయి వర్తకులకూ అక్కడి షేక్‌లకూ మధ్య లావాదేవీలు నడవాలంటే ఉత్తరాలు నడవాలి. అందుకే భారతదేశపు స్టాంపులే అక్కడా చెల్లేవి. దేశ విభజన తర్వాత కొన్ని నెలలు ఆ పోస్టాఫీసు పాకిస్తాన్ కింద ఉంది. 1948 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ వాళ్లు నడిపారు. అయినా స్టాంపు మీద ధర అణాల్లోనే ముద్రించారు, ఎందుకంటే అక్కడ వాడుకలో ఉన్నది రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాకే అక్కడివాళ్లు దాన్ని వదిలిపెట్టారు. అంటే దుబాయికీ మన దేశానికీ మధ్య మాట నడిచే దారి చమురు కంటే పాతది. కాకపోతే ఆ దారి వర్తకుల కోసం వేసింది.

1971 డిసెంబరు 2న యూఏఈ ఏర్పడింది. 1973లో చమురు ధర ఎగబాకింది. రోడ్లు, రేవులు, భవనాలు ఒక్కసారిగా మొదలై మనుషులు కావాల్సి వచ్చింది. చెరువులు ఎండి, మగ్గాలు ఆగి, బీడీల మీద ఇల్లు గడవక సతమతమవుతున్న ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి జనం కదిలారు. యూఏఈ పోయినా, సౌదీ పోయినా, ఒమన్ పోయినా ఊళ్లో అనేది ఒకటే: దుబాయి పోయిండు.

వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. ఉత్తరమనే సాధనం మొదటి అడుగులోనే వాళ్లను మరొకరి మీద ఆధారపడేలా చేసింది. రాసేవాడు తనకు తెలిసిన మర్యాదలతో రాస్తాడు. అందరి ఉత్తరాలూ ఒకే మూసలో ఉంటాయి: క్షేమం, క్షేమమని తలుస్తాను, డబ్బు పంపుతున్నాను. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. కేరళలో ఈ వేదనే ఒక పాటల ప్రక్రియగా మారింది. 1970లలో ఎస్.ఎ. జమీల్ కట్టిన దుబాయి ఉత్తరం పాటలో ఊళ్లో ఒంటరిగా ఉన్న భార్య గల్ఫ్‌లో ఉన్న భర్తకు తన మనసు విప్పుతుంది. దానికి జవాబు పాట కూడా వచ్చింది. గల్ఫ్ మలయాళీలు వాటిని క్యాసెట్లలో అరిగిపోయేదాకా విన్నారు.

ఆ క్యాసెట్టే ఉత్తరానికి జవాబు అయింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాను పాటలు వినడానికే జనం కొన్నారు. గల్ఫ్ కార్మికులు దాన్ని ఉత్తరంగా మార్చారు. మొదటి సెలవుకు ఊరికి వచ్చినవాడు చేతిలో టేప్ రికార్డర్ పట్టుకుని దిగడం అప్పట్లో పల్లె పల్లెలో చూసిన దృశ్యమే. ఒకటి ఇంట్లో ఉంటుంది, ఒకటి క్యాంపులో ఉంటుంది. శుక్రవారం సెలవు. గదిలో మిగతావాళ్లు బజారుకు పోయిన వేళ చూసుకుని, రెండు బటన్లు కలిపి నొక్కి, మైకుకు నోరు దగ్గరగా పెట్టి మాట్లాడేవాళ్లు. అమ్మతో కొంతసేపు, తమ్ముడికి పొలం సంగతులు కొంతసేపు, పిల్లలకు రెండు ముక్కలు. ఊరికి పోయే మనిషి దొరికితే అతని చేతికి ఆ క్యాసెట్ ఇచ్చేవాళ్లు. ఊళ్లో ఇల్లంతా చుట్టూ కూర్చుని వినేది. పక్కింటివాళ్లు కూడా వచ్చేవాళ్లు. అందరూ విన్నాక జవాబు అదే క్యాసెట్ మీద రికార్డయ్యేది, అతని గొంతు చెరిపి ఆ స్థానంలో వీళ్ల గొంతు.

ఈ ఏర్పాటును ఏ ఇంజనీరూ గీయలేదు. చదువు అక్కర్లేదు, కంపెనీ గుమాస్తా అక్కర్లేదు, చదివిపెట్టేవాడు అక్కర్లేదు. మోసుకెళ్లేవాడు మనూరివాడే. ఆలస్యం మాత్రం తప్పదు, చాటుమాటు మాటకు చోటు కూడా తక్కువే. అయినా గొంతు వినిపించింది, దగ్గు వినిపించింది, మాట మధ్యలో ఆగిపోయిన క్షణం వినిపించింది. తర్వాత వచ్చిన ఎన్నో ఖరీదైన సాధనాల కంటే ఈ క్యాసెట్ ఆ మనుషులను బాగా అర్థం చేసుకుందనిపిస్తుంది.

ఫోను కథ వేరు. యూఏఈలో టెలిఫోన్ వ్యవహారమంతా 1976లో పుట్టిన ఎతిసలాత్ చేతికి వచ్చింది. రెండో కంపెనీ డూ మొబైల్ సేవ మొదలుపెట్టింది 2007లో. అంటే మూడు దశాబ్దాలు పోటీ లేదు. ఇటు మన దగ్గర అంతర్జాతీయ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యం 2002 మార్చి ఆఖరు దాకా నడిచింది. రెండు గుత్తాధిపత్యాల నడుమ ఒక మేస్త్రీ నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడాడు. ఊళ్లో ఫోను సర్పంచ్ ఇంట్లోనో, కిరాణా కొట్టులోనో, బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూత్‌లోనో ఉండేది. ఫలానా శుక్రవారం ఫలానా వేళకు చేస్తానని ముందే ఉత్తరం రాయాలి. ఇంటివాళ్లు గంట ముందే వచ్చి అక్కడ కూర్చోవాలి. లైను కలిసిన మొదటి నిమిషం వినబడుతుందా వినబడుతుందా అనడంతోనే పోయేది.

ఆ ధర దెబ్బ నుంచే మిస్డ్ కాల్ పుట్టింది. ఒక రింగు ఇచ్చి పెట్టేస్తే క్షేమంగా చేరానని అర్థం, రెండు ఇస్తే తిరిగి చేయమని అర్థం. ఏ ఇంటికి ఆ ఇల్లు సంకేతాలు పెట్టుకుంది. కంపెనీకి పైసా పోకుండా కంపెనీ తీగ మీదే కబురు నడిపిన ఈ ఉపాయం గల్ఫ్ ఇళ్లలోనే కాదు, దేశమంతటా వాడుకైంది.

2002 ఏప్రిల్ 1న భారతదేశం ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది స్కైప్ వచ్చింది. ప్రపంచంలో దూరపు కాల్ దాదాపు ఉచితమైపోతున్న ఆ కాలంలోనే యూఏఈ ఆ తలుపు మూసింది. 2003లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ లైసెన్సు లేనివాళ్లు ఇంటర్నెట్ కాల్స్ అందించకూడదన్నది. స్కైప్ ఆగిపోయింది. 2010 నాటి విధానం ఆ హక్కు లైసెన్సున్న దేశీయ సంస్థలదేనని తేల్చి చెప్పింది. నియంత్రణ, భద్రత అన్నవి ప్రభుత్వం చెప్పిన కారణాలు. అంతర్జాతీయ కాల్స్ మీద టెలికాం కంపెనీలకు వచ్చే ఆదాయం కూడా చిన్నదేమీ కాదు, ఆ కంపెనీల్లో ప్రభుత్వానికే పెద్ద వాటా ఉంది. ఫలితంగా క్యాంపుల పక్కన కంప్యూటర్ పెట్టుకుని దొంగచాటుగా నిమిషాల లెక్కన కాల్స్ అమ్మే గదులు వెలిశాయి, వాటి మీద పోలీసు దాడులూ జరిగాయి. అమ్మతో మాట్లాడడానికి చట్టం దాటాల్సి రావడం ఆ కార్మికులకు పెద్ద అవమానం.

నడుమ నిలబడేవాళ్లకు మాట మీద ఆసక్తి డబ్బు కోసమే కాదని బ్లాక్‌బెర్రీ గొడవతో బయటపడింది. 2009 జులైలో ఎతిసలాత్ తన బ్లాక్‌బెర్రీ ఖాతాదారులకు ఒక అప్‌డేట్ పంపింది. దాన్ని వేసుకున్న ఫోన్ల బ్యాటరీలు వెంటవెంటనే అయిపోవడంతో జనానికి అనుమానం వచ్చింది. అది నిఘా సాఫ్ట్‌వేర్ అని, తాము దాన్ని ఆమోదించలేదని బ్లాక్‌బెర్రీ తయారీ సంస్థ ప్రకటించింది. మరుసటి ఏడాది యూఏఈ ఏకంగా బ్లాక్‌బెర్రీ మెసెంజర్‌నే 2010 అక్టోబరు 11 నుంచి ఆపేస్తామంది. గడువుకు మూడు రోజుల ముందు, అక్టోబరు 8న, సేవ తమ నిబంధనలకు లోబడిందని చెప్పి ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఏ షరతు మీద లోబడిందో వాడేవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

స్మార్ట్‌ఫోన్ క్యాంపుల్లోకి వచ్చేసరికి ఐమో అన్న పేరు ఊళ్లలో మారుమోగింది. గూగుల్ తొలినాటి ఉద్యోగుల్లో ఒకడైన జార్జ్ హారిక్ స్థాపించిన ఈ అమెరికన్ సంస్థ తన యాప్‌ను బలహీనమైన నెట్‌వర్క్ మీద కూడా నడిచేలా చేసింది. టూజీ సిగ్నల్ ఉన్న ఊళ్లో కూడా బొమ్మ కనబడేది. నాన్నను ఫొటోలో తప్ప చూడని పిల్లలు ఐమోలో చూశారు. రాయికల్, మెట్‌పల్లి వైపు ముసలమ్మలకు గూగుల్ అంటే తెలియకపోయినా ఐమో తెలుసు. గల్ఫ్ దేశాలన్నిటా ఇది కార్మికుల యాప్ అయింది. యూఏఈలో మాత్రం ఇలాంటి కాల్స్ కొన్నాళ్లు నడిచేవి, ఉన్నట్టుండి ఆగేవి. వీపీఎన్ వేసుకుని ఆ అడ్డు దాటుదామంటే, చట్టవిరుద్ధమైన పనికి వీపీఎన్ వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా అంటూ 2016లో చట్టం సవరించారు. నెలకు వెయ్యి దిర్హాములు కూడా అందని మనిషికి ఆ అంకె జీవితకాలపు సంపాదన కంటే ఎక్కువ.

ఇలా కాల్ మూసుకుపోయిన చోట క్యాసెట్ మళ్లీ వచ్చింది. 2013 ఆగస్టులో వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టింది. వేలితో నొక్కిపట్టి మాట్లాడి వదిలేస్తే చాలు. యూఏఈ నిబంధనల దృష్టిలో అది కాల్ కాదు. వాట్సాప్ కాల్స్ అక్కడ పనిచేయవు, వాయిస్ మెసేజ్‌లు పనిచేస్తాయి. దాన్ని తయారు చేసినవాళ్లు గల్ఫ్ కార్మికుడి కోసం చేయలేదు, కానీ అతని బతుకుకు ఇంతగా అతికినట్టు సరిపోయిన సౌకర్యం మరొకటి లేదు. ఎనిమిది మంది పడుకునే గదిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడు దుప్పటి కప్పుకుని గుసగుసగా మాట్లాడతాడు. మన దగ్గర సమయం గంటన్నర ముందుంటుంది, అప్పటికి ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. పొద్దున్నే లేచి భార్య వింటుంది, పొలానికి పోతూ జవాబు చెబుతుంది. ఇద్దరూ ఒకే క్షణంలో ఖాళీగా ఉండనక్కర్లేదు. సిగ్నల్ లేకపోతే వచ్చినప్పుడే పోతుంది. నచ్చిన మాటను పదిసార్లు వినొచ్చు. క్యాసెట్‌లో ఉన్న లోపం కూడా ఇక్కడ తీరింది: పాత గొంతు చెరగదు, ఊరంతా వినదు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు టైపు చేయడం చాలామంది కార్మికులకు ఎన్నడూ సులువు కాలేదు. చాలా ఏళ్లు చౌక ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపించేవి. చదువుకున్నవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టారు, మిగతావాళ్లు ఊరుకున్నారు. 2018 ఫిబ్రవరిలో ఖరీదైన ఐఫోన్లు ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే తట్టుకోలేక యాప్‌లతో సహా మూతపడ్డాయి. ఆపిల్ హడావుడిగా సవరణ పంపాల్సి వచ్చింది. కోట్లమంది రోజూ రాసే లిపిని ముందుగా ఎవరూ సరిగా పరీక్షించలేదంటే, ఆ కోట్లమంది తయారీదారుల కళ్ల ముందు లేరనే అర్థం.

2018 జనవరిలో ఎతిసలాత్, డూ కంపెనీలు చట్టబద్ధమైన దారి తెరిచాయి. నెలకు 50 దిర్హాములు కడితే బోటిమ్, సీమీ అనే యాప్‌లలో కాల్స్ చేసుకోవచ్చన్నాయి. డేటా ఖర్చు దానికి అదనం. అప్పటి లెక్కలో 50 దిర్హాములంటే ఎనిమిదిన్నర వందల రూపాయలకు పైనే. హ్యూమన్ రైట్స్ వాచ్ 2006లో దుబాయి భవన నిర్మాణ కార్మికుల మీద ఇచ్చిన నివేదికలో నెల జీతాలు 106 నుంచి 250 డాలర్లని రాసింది. ఆ తర్వాత జీతాలు కొంత పెరిగినా, ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే సౌకర్యానికి ఈ మనిషి తన జీతంలోంచి కోత పెట్టుకోవాల్సి వచ్చింది. గదిలో ఒకరు ప్యాకేజీ వేయించుకుంటే మిగతావాళ్లు అతని ఫోను అడిగి తీసుకునే అలవాటు అలా మొదలైంది.

ఇలాంటి చోట ఉచితంగా, అడ్డు లేకుండా పనిచేసే యాప్ వస్తే జనం ఎగబడరా? 2019లో టోటాక్ వచ్చింది. కాల్స్, వీడియో, అన్నీ ఉచితం. మిగతావన్నీ మూసి ఉన్న దేశంలో ఇదొక్కటే ఎలా తెరిచి ఉందన్న ప్రశ్న అప్పట్లో పెద్దగా ఎవరూ అడగలేదు. లక్షల మంది దింపుకున్నారు, ఊళ్లో ఉన్నవాళ్లతోనూ దింపించారు. ఆ ఏడాది డిసెంబరు 22న న్యూయార్క్ టైమ్స్ కథనం వచ్చింది: అమెరికా నిఘా అధికారుల అంచనా ప్రకారం టోటాక్ యూఏఈ ప్రభుత్వపు గూఢచర్య సాధనం. కంపెనీ దాన్ని కొట్టిపారేసింది. గూగుల్, ఆపిల్ అప్పటికే తమ స్టోర్ల నుంచి దాన్ని తీసేశాయి. ఈ ఘటనలో వాడినవాళ్ల తెలివితక్కువతనం ఏమీ లేదు. దాహంతో ఉన్నవాడి ముందు ఒక్కటే బావి ఉంచితే అతను నీళ్లను పరీక్షించి తాగడు. మిగతా బావులన్నీ మూసినవాళ్లే అందుకు జవాబుదారులు.

2020 మార్చిలో కరోనా వచ్చాక నియంత్రణ సంస్థ కొన్నిటిని తెరిచింది. జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, సిస్కో వెబెక్స్ లాంటివి బడులకూ ఆఫీసులకూ అందుబాటులోకి వచ్చాయి. వాట్సాప్ కాల్, ఫేస్‌టైమ్ మాత్రం మూసే ఉన్నాయి. ఆఫీసువాళ్లు వాడే పనిముట్టుకు అనుమతి దొరికింది, క్యాంపువాడి చేతిలో ఉన్న పనిముట్టుకు దొరకలేదు. పనులు ఆగి, గదుల్లో ఇరుక్కుని, ఇంటి మీద బెంగతో ఉన్నవాళ్లకే ఆ సమయంలో ఇంటి ముఖం చూడాల్సిన అవసరం అందరికంటే ఎక్కువగా ఉంది. ఈ తేడాను ఏ భద్రతా కారణమూ సమర్థించలేదు.

మన ప్రభుత్వం చేసిన ఏర్పాట్లనూ ఇదే గీటురాయి మీద చూడాలి. 2020 ఏప్రిల్ 29 రాత్రి, స్వదేశం పోవాలనుకునేవాళ్లు పేర్లు నమోదు చేసుకోమంటూ యూఏఈలోని భారత దౌత్య కార్యాలయాలు వెబ్‌సైట్‌లో ఫారం పెట్టాయి. గంటల్లోనే ఆ తాకిడికి సైట్ నిలిచిపోయింది. కొద్దిరోజుల్లోనే లక్షన్నర మందికి పైగా నమోదయ్యారు. మే 7న ప్రవాసులను తీసుకొచ్చే తొలి వందే భారత్ విమానాలు అబుదాబి, దుబాయి నుంచి కేరళకు బయల్దేరాయి. ఆ ఫారం నింపాలంటే పాస్‌పోర్టు వివరాలన్నీ ఇంగ్లీషులో ఎక్కించాలి. పదో తరగతి కూడా పాస్ కానివాడు గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలని 1983 నాటి వలసల చట్టం కింద నిర్ణయించింది మన ప్రభుత్వమే. అంటే వాళ్ల చదువు సంగతి దానికి తెలుసు. అయినా ఆపద వేళ వాళ్ల ముందు పెట్టింది ఇంగ్లీషు ఫారాన్నే. క్యాంపుల్లో చదువు వచ్చిన ఒక్కో కుర్రాడు పదులమంది పాస్‌పోర్టులు ముందు వేసుకుని కూర్చుని నింపాడు. ఉత్తరాల కాలంలో రాసిపెట్టినవాడి పని మళ్లీ అతని మీద పడింది.

అంతకంటే పదేళ్ల ముందే ఒక మంచి నమూనా మన చేతిలో ఉంది. 2010 నవంబరులో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ దుబాయిలో భారత కార్మికుల సహాయ కేంద్రం ప్రారంభించారు. దాని టోల్‌ఫ్రీ నంబరు 800 46342. ఫోను మీటల మీద అక్షరాలతో చూస్తే ఆ అంకెలు ఇండియా అనే పేరు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగుతో సహా భారతీయ భాషల్లో పలుకుతుంది. చదవడం రానివాడు కూడా డయల్ చేసి తన గోడు తన మాటల్లో చెప్పుకోవచ్చు. 2015లో విదేశాంగ శాఖ తెచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే వీలుంది, అది మేలే. కానీ అక్కడ టైపు చేయాలి, పత్రాలు స్కాన్ చేసి ఎక్కించాలి. ఈ రెండిటిలో ఏది తమ కోసం కట్టిందో కార్మికులకు చెప్పక్కర్లేదు.

ఇక వాళ్లు తమ కోసం తామే కట్టుకున్న వ్యవస్థ ఊరి వాట్సాప్ గ్రూపు. మండలానికొకటి, ఊరికొకటి, కొన్ని చోట్ల కులానికొకటి. దుబాయిలో ఉన్నవాళ్లు, మస్కట్‌లో ఉన్నవాళ్లు, ఊళ్లో ఉన్నవాళ్లు అంతా ఒక్కచోటే. ఈ గ్రూపుల సత్తా బయటపడేది ఎవరైనా చనిపోయినప్పుడు. ముందుగా ఒక పాస్‌పోర్టు ఫొటో వస్తుంది, వెంట ఒక గొంతు: ఈయన ఎవరికన్నా ఎరికేనా? కాసేపట్లోనే ఊరు దొరుకుతుంది, ఇంటిపేరు దొరుకుతుంది, తమ్ముడి నంబరు దొరుకుతుంది. తర్వాతి పనులు తెలిసినవాళ్లు అందుకుంటారు. ఆసుపత్రి కాగితం, పోలీసు లేఖ, మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, కాన్సులేట్ అనుమతి, దుబాయిలోని ముహైస్నాలో ఎంబామింగ్, కార్గో బుకింగ్. ఒక్క కాగితం వెనక ముందైతే శవం రోజులకొద్దీ అక్కడే ఉంటుంది. 2019 జనవరి దాకా ఎయిర్ ఇండియా శవాన్ని తూకం వేసి కిలోల లెక్కన వసూలు చేసేది. ప్రవాసులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక పెద్దవాళ్లకు 1500, పన్నెండేళ్లలోపు పిల్లలకు 750 దిర్హాములని ఒకే ధర పెట్టారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆపదలో ఉన్నవాడికి గ్రూపులో చందా అడగడం మనకు పరిపాటి. దుబాయిలో అనుమతి లేకుండా విరాళాలు అడగడం 2015 నుంచి నేరం. మరుసటి ఏడాదే, అఫ్గాన్ శరణార్థుల కోసం చందా అడుగుతున్న పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు ఒక విదేశీయుడిని అరెస్టు చేశారు. అందుకని అనుభవమున్న అడ్మిన్లు అక్కడి గ్రూపులో డబ్బు మాట రానివ్వరు. 2009 నుంచి ఉన్న భారతీయుల సంక్షేమ నిధి నుంచి శవం తరలింపు ఖర్చు ఎలా అడగాలో చెబుతారు, వసూళ్లు ఏవైనా ఉంటే ఊళ్లో చేసుకోమంటారు. వాట్సాప్ కంపెనీ ఇచ్చింది గ్రూపు పెట్టుకునే వీలు మాత్రమే. దాన్ని ఎలా నడపాలో, ఏది అడగకూడదో, ఎవరి ఫొటో పెట్టకూడదో తెలిసి నిలబెట్టింది ఈ అడ్మిన్లే. జీతం లేని ఈ పనికి ఎవరూ బిరుదులివ్వరు, ఇవ్వాల్సిన పని ఇది.

అదే గ్రూపు హాని కూడా చేసింది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలన్న పుకారు వాట్సాప్‌లో దేశమంతా తిరిగి, అమాయకుల ప్రాణాలు తీసింది. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి అప్పుడు పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు కళాకారులతో పాటలు పాడించారు, పోలీసులను ఊరి గ్రూపుల్లో చేర్పించారు. సాధనం పుట్టించిన భయాన్ని మనిషి వెళ్లి తీర్చాల్సి వచ్చింది. వాట్సాప్ ఆ జులైలో భారతదేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు పరిమితం చేసింది, మరుసటి జనవరిలో ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే ఏర్పాటు కూడా 2018లోనే వచ్చింది. ఇన్నేళ్లూ లేని ఈ చిన్న కట్టుబాట్లు మనుషులు చచ్చాక గాని రాలేదు.

సమయానికి ఒకరి గొంతు మరొకరికి చేరితే ఏం జరుగుతుందో 2022 మే మొదటి రోజుల్లో దుబాయి చూసింది. సమ్మె నేరమైన దేశంలో డెలివరూ అనే ఆహార డెలివరీ కంపెనీ బైకు కుర్రాళ్లు ఫోన్లలోనే మాట్లాడుకుని పనికి దిగకుండా ఆగిపోయారు. డెలివరీకి 10.25 దిర్హాములను 8.75కు తగ్గించాలన్న ప్రతిపాదనను కంపెనీ వెనక్కి తీసుకుంది.

2023లో ఆస్ట్రా టెక్ అనే సంస్థ బోటిమ్‌ను కొన్నాక, కాల్ చేసే యాప్‌లోనే ఇంటికి డబ్బు పంపే సౌకర్యం వచ్చింది. వరుసలో నిలబడే బాధ తప్పిందని వాడేవాళ్లు సంతోషించారు. ఒకే సంస్థ చేతిలో మాటా డబ్బూ రెండూ ఉండడం మంచిదా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

2024లో యూఏఈ మళ్లీ క్షమాభిక్ష ప్రకటించింది. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లు జరిమానా లేకుండా, తిరిగి రావడానికి నిషేధం పడకుండా పోవచ్చని చెప్పింది. సెప్టెంబరు 1న మొదలై అక్టోబరు 31తో ముగుస్తుందన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. దాక్కుని బతుకుతున్న మనిషి కాన్సులేట్ వెబ్‌సైట్ తెరిచి చూడడు, అతనికి కబురు చేరేది గ్రూపులో తెలుగు గొంతుగానే. కానీ మామూలుగా మెసేజ్‌కు కాలం చెల్లడమంటూ లేదు. అక్టోబరు 31 అని చెప్పే పాత గొంతు నవంబరులో వింటే గడువు దాటిపోయిందనుకుని అతను ఆశ వదులుకుంటాడు. ఇతరులు పెట్టిన మెసేజ్‌ను తీసేసే అధికారం అడ్మిన్లకు 2022లోనే వచ్చింది కాబట్టి, జాగ్రత్తపరులు పాతది తీసేసి, తేదీ మార్చి మళ్లీ రికార్డు చేసి పెట్టొచ్చు. తమ గ్రూపులోది తీసేయగలరు గాని, అప్పటికే వేరే గ్రూపులకు ఫార్వర్డ్ అయిపోయిన నకళ్లను వెనక్కి పిలిచే మీట వాట్సాప్‌లో లేదు. అందుకే ఒక్కో అడ్మిన్ పక్క ఊరి అడ్మిన్‌కు విడిగా ఫోన్ చేసి చెప్పాల్సి వస్తుంది.